కాలి కింద నేల ఎవరిది?
దివిసీమ తీరంలో చిన్న నడక ఎంచుకునేవారు తరచూ అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు రాగానే చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ చుట్టుపక్కల కుర్రాళ్లకి ఈమధ్య కొత్త సరదా పట్టుకుంది. వీపున సంచి తగిలించుకుని, ఒక రాత్రి బయట పడుకునేలా ఎటైనా నడిచి రావాలని. మంచి సరదానే. కాకపోతే దారిని ఫోన్లో వీడియోలు చూసి ఎంచుకుంటున్నారు. వీడియోలో ఇసుక కనిపిస్తుంది, మడచెట్లు కనిపిస్తాయి. ఆ ఇసుక ఏ శాఖదో, ఆ చెట్ల మధ్యకి ఎవరు వెళ్లొచ్చో కనిపించదు. నన్నడిగితే మన తీరంలో దారి ఎంచుకోవడమంటే ముందు అనుమతి ఎంచుకోవడమే. అది తేలితే దూరం, నీడ, నీళ్లు తర్వాత చూసుకోవచ్చు.

కింద ‘చట్టం’ అన్నచోటల్లా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుకోండి. వేరేదైతే పేరు చెబుతాను.

అసలు మన దగ్గర అడవిలో నడిచే దారులున్నాయా?

కొండల్లో ఉండేలాంటివి లేవు. బోర్డులు పెట్టి, రంగు గుర్తులు వేసి, మైలురాళ్లు నాటిన నడకదారి దివిసీమలో ఒక్కటీ లేదు. ఉన్నవి మూడు రకాలు: కృష్ణ కరకట్ట, హంసలదీవి దగ్గర సముద్రపు ఒడ్డు, నాగాయలంక దిగువన మడ అడవుల అంచుల్లో పల్లెలకి వెళ్లే రోడ్లు. మడ అడవుల్లో చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కిందకి వస్తుంది. దాని విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ రిజర్వు అడవులు అందులోవే. ఏటి అవతల ఉన్న భాగం ఇప్పుడు బాపట్ల జిల్లా.

నేను నడిచే నేల ఎవరిదో నాకెలా తెలుస్తుంది?

ఇదే అసలు ప్రశ్న. దీన్ని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. పులిగడ్డ దగ్గర మొదలెట్టి దిగువకి నడుస్తున్నారనుకుందాం. కట్ట మీద ఉన్నంతసేపూ మీరు జలవనరుల శాఖ గట్టు మీద ఉన్నారు. అది వరదకట్ట. చాలాచోట్ల దాని మీదే ఊళ్ల రాకపోకలన్నీ సాగుతాయి కాబట్టి నడిచిపోయేవాణ్ని ఎవరూ ఆపరు. కట్ట దిగి ఏటివైపు లంకలోకి అడుగుపెట్టారా, అక్కడ అరటితోట, పసుపు చేను, తమలపాకు తోట ఏదో ఒకటి ఉంటుంది. అది పట్టా భూమి కావచ్చు, ప్రభుత్వ లంక కావచ్చు. సాగు మాత్రం ఒకరిది. కేకేసి అడిగి వెళ్లడం మర్యాదే కాదు, మీకు రక్షణ కూడా. పొలం కాపలావాళ్లకి మిమ్మల్ని చూడగానే గెల దొంగలనే అనుమానం వస్తుంది.

ఇంకా కిందకి పోతే అభయారణ్యం హద్దు వస్తుంది. హద్దురాయి కొన్నిచోట్ల పైకి కనిపిస్తుంది, కొన్నిచోట్ల బురదలో మునిగి ఉంటుంది. హద్దుగుర్తును కదిలించినా చెరిపినా అదే ఒక నేరం, చట్టంలో విడిగా రాశారు. చిక్కేమిటంటే రెవెన్యూ భూమీ, రిజర్వు అడవీ, చెరువులూ పక్కపక్కనే అల్లుకుపోయి ఉంటాయి. కళ్లతో చూసి చెప్పలేం. ఫోన్ మ్యాపులో ఆకుపచ్చగా ఉన్నదంతా అడవి కాదు, బూడిదరంగులో ఉన్నదంతా మనదీ కాదు. అవనిగడ్డ రేంజి ఆఫీసులో హద్దుల మ్యాపు చూపించమని అడగండి. నోటిమాటతో పని కాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో డివిజన్ కార్యాలయానికి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. నడక మేలో అయితే మార్చిలోనే పెట్టుకోండి.

అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఎవరెవరు వెళ్లొచ్చు?

చట్టం 27వ సెక్షన్లో ఈ జాబితా ఉంది, చాలా చిన్నది. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి. లోపల నివాసానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ అనుమతించిన మనిషి. లోపల భూమి మీదో ఇంటి మీదో హక్కు ఉన్నవాళ్లు. ఈ ముగ్గురి మీద ఆధారపడ్డ కుటుంబసభ్యులు. ఇంకొకరు, అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారి మీద ప్రయాణించేవాళ్లు.

మనబోటి వాళ్లకి పనికొచ్చేది ఆఖరిదే. సొర్లగొందికో గుల్లలమోదకో వెళ్లే రోడ్డు మీద నడిచిపోవడానికి మీకు చీటీ అక్కర్లేదు. రోడ్డు దిగి పాయ గట్టు మీద పది గజాలు లోపలికి వెళ్లి సెల్ఫీ తీసుకుంటే అక్కర్లేని మనిషి అక్కరున్న మనిషిగా మారిపోతాడు. అంతే తేడా. గుల్లలమోద వైపు రక్షణ శాఖకి కేటాయించిన స్థలం కూడా ఉంది, అటు కెమెరా తిప్పకపోవడం ఒంటికి మంచిది.

‘మా మేనమామది ఆ ఊరే, నన్నెవరాపుతారు?’ అనేవాళ్లకి: మేనమామకి ఉన్న హక్కు మేనమామది. ఆయన మీద ఆధారపడి బతికేవాళ్లకి అది వర్తిస్తుంది. పండక్కి వచ్చిన మేనల్లుడికి వర్తించదు.

గేటు దగ్గర ఎవరూ లేరు. లోపలికి వెళ్తే తప్పా?

తప్పే. కాపలా లేకపోవడం అనుమతి కాదు.

అనుమతి ఎవరిస్తారు? ఏమని రాయాలి?

28వ సెక్షన్ కింద అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. ఆచరణలో మీ దరఖాస్తు మొదలయ్యేది రేంజి ఆఫీసులో, నిర్ణయం జరిగేది డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసరు (డీఎఫ్‌ఓ) దగ్గర. ఏ పనుల కోసం అనుమతి ఇవ్వొచ్చో చట్టమే చెప్పింది: వన్యప్రాణుల పరిశీలన, అధ్యయనం, ఆవాసానికి చెరుపు చెయ్యని ఫొటోగ్రఫీ, చిత్రీకరణ, శాస్త్ర పరిశోధన, పర్యటన, లోపల ఉండేవాళ్లతో చట్టబద్ధమైన వ్యాపారం. అందువల్ల ‘ట్రెక్కింగు’ అని ఒక్కమాట రాసి ఊరుకోకండి. ‘పర్యటన, పక్షుల పరిశీలన’ అని రాయండి. ఎంతమంది, పేర్లు, ఆధార్ నకళ్లు, ఏ రేవులో మొదలు, ఎక్కడ దిగుతారు, ఏ పూట లోపల ఉంటారు, ఏ పడవ, సరంగు ఎవరు అని వివరంగా రాసిన కాగితం ముందుకి కదులుతుంది. ‘మేం ఆరుగురం ఫ్రెండ్స్‌మి, ప్రకృతి ప్రేమికులం’ అన్న కాగితం బల్ల మీదే ఉంటుంది. పర్యటన అనుమతి ఇవ్వడం అధికారి విచక్షణ. పర్యాటకుడికి అది హక్కు కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మాట్లాడితే పని తొందరగా అవుతుంది. ఇచ్చిన అనుమతికి షరతులు రాసి ఉంటాయి, వెనకపేజీ కూడా చదవండి.

గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండొచ్చా?

అభయారణ్యంలో ఉండకూడదు. ‘ప్రవేశించడం’, ‘నివసించడం’ రెండింటికీ చట్టం ఒకటే తాళం వేసింది; పగటి అనుమతి కాగితం రాత్రికి పనికిరాదు. సముద్రపు ఒడ్డు పోలీసు గస్తీ తిరిగే చోటు. చీకట్లో దీపాలు వెలిగించుకుని కూర్చున్న గుంపును పాలకాయతిప్ప మెరైన్ పోలీసులు ప్రశ్నించకుండా వదలరు, వదలకూడదు కూడా. పైగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఇసుకలోకే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ సంగతి కింద చెబుతాను.

రాత్రి బయట పడుకోవాలన్న ముచ్చట తీరాలంటే ఊళ్లో పడుకోండి. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దగ్గరో, నాగాయలంకలో తెలిసినవాళ్ల డాబా మీదో. డాబా మీద పడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి నడక మొదలెట్టడం ఇసుకలో గుడారం కంటే వెయ్యిరెట్లు సుఖం. ఇసుక మీద రాత్రి తేమకి దుప్పటి పిండుకోవాల్సి వస్తుంది, దోమల సంగతి చెప్పక్కర్లేదు.

పొయ్యి వెలిగించి టీ కాచుకోవచ్చా?

అభయారణ్యానికి ప్రమాదం తెచ్చేలా నిప్పు పెట్టడం, నిప్పు రాజేయడం, మండుతున్నదాన్ని వదిలేసి రావడం మూడూ 30వ సెక్షన్ కింద నేరాలే. ‘నేను జాగ్రత్తగా చేశా’ అన్న వాదన ఉంది గానీ దాన్ని వినిపించాల్సింది కోర్టులో. ఎండుపుల్లల కోసం మడచెట్టు కొమ్మ విరిస్తే 29వ సెక్షన్ కూడా తోడవుతుంది. అడవిలో తిల్ల అని ఒక చెట్టుంటుంది. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ముప్పు. పుల్లలేరే పర్యాటకుడికి ఏది తిల్లో ఏది మడో తెలియదు. ఫ్లాస్కులో పోసుకెళ్లండి.

గవ్వలు, పీతలు, తేనె లాంటివి కాస్త తెచ్చుకుంటే?

అనుమతి లేకుండా అభయారణ్యం నుంచి అటవీ ఉత్పత్తి సహా ఏదీ తీసుకెళ్లకూడదని 29వ సెక్షన్. చిన్నపిల్ల జేబులో పెట్టుకున్న గవ్వకి కేసు పెడతారని నేననడం లేదు. సంచి నింపుకొచ్చేవాళ్లున్నారు, వాళ్లకి చెబుతున్నాను. తాబేలు చిప్ప దొరికితే అసలు ముట్టుకోవద్దు. అభయారణ్యంలో చచ్చిపడి ఉన్న వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షన్ చెబుతోంది. ఎలాగైనా చేతికొచ్చిందంటే 48 గంటల్లో పోలీసు స్టేషనుకో అధీకృత అధికారికో తెలియజెయ్యాలి. గోడకి తగిలించుకోవడానికి తెచ్చిన చిప్ప జైలుదాకా తీసుకెళ్తుంది.

మరి అక్కడివాళ్లు పీతలు పడుతుంటే ఎవరూ ఏమనరే?

ఇందులో పక్షపాతం లేదు, హక్కులో తేడా ఉంది. లోపల ఉండేవాళ్ల హక్కుల్ని అభయారణ్యం ప్రకటించే ముందు విచారించి నమోదు చెయ్యాలన్నది చట్టం పద్ధతి. సముద్రజలాల్ని కలిపేటప్పుడు అక్కడి మత్స్యకారుల జీవనోపాధిని కాపాడే ఏర్పాట్లు చేశాకే కలపాలని 26ఎ సెక్షన్లో ఉంది. 2022 సవరణలో స్థానికులు తాగడానికీ ఇంటివాడకానికీ నీళ్లు తీసుకోవడాన్ని తప్పుగా చూడకూడదని ప్రత్యేకంగా చేర్చారు. ఇవికాక 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. యానాదుల వంటి గిరిజనులకి చేపలు, పీతలు, చిన్నతరహా అటవీ ఫలసాయం మీద సామూహిక హక్కులు కోరే అవకాశం దానివల్ల వచ్చింది.

యానాది మనిషి పాయ ఒడ్డున బురదలో బొరియ చూసి, కర్రకి కట్టిన ఇనుప కొక్కెం లోపలికి పోనిచ్చి, మణికట్టు కాస్త తిప్పి పీతని బయటికి లాగుతాడు. గిట్టలు విరగకుండా రెండు వేళ్లతో వెనకనుంచి పట్టి తుంగతాడుతో కట్టేస్తాడు. అంతా చిటికెలో అయిపోతుంది. అది ఆయన బతుకుతెరువు. మనం ఆ పక్కన నిలబడి వీడియో తీసి, మర్నాడు అదే బొరియలో చెయ్యి పెట్టబోతే, చట్టం మాట తర్వాత, వేళ్ల మాట ముందు.

తాబేళ్లు కనిపిస్తాయా? ఫొటో తీసుకోవచ్చా?

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శీతకాలం చివర్లో రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్లు ఆ గుడ్లని సేకరించి కంచె వేసిన హేచరీల్లో పొదిగిస్తారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి, వాటిని సముద్రంలో వదులుతారు. ఈ తాబేలు మొదటి షెడ్యూలు ప్రాణి, అంటే పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉంది.

చెయ్యకూడనివి తేలికగా గుర్తుంటాయి. టార్చి వెయ్యొద్దు. ఫ్లాష్ వద్దు. పిల్లల్ని చేతిలోకి తీసుకుని నీళ్లలో వదలొద్దు. ఇసుక మీద వాటంతట అవి పాకి వెళ్లడమే మంచిది. దీపం వెలుగు పడితే పిల్లలు సముద్రం అనుకుని అటు మళ్లుతాయి. వదిలే రోజు చూడాలని ఉంటే ముందే రేంజి ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. తెల్లవారుజామునే వదులుతారు కాబట్టి ముందురోజు రాత్రే ఊరు చేరుకోవాలి.

పడవ మాట్లాడుకుని ఎదురుమొండో నాచుగుంటో వెళ్తే?

ఏటిమొగ నుంచి ఎదురుమొండికి పంటు ఉంది, అది జనం రోజూ ఎక్కేది, హాయిగా ఎక్కండి. వేరే పడవ మాట్లాడుకునేటప్పుడు ఆలోచించాలి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోల్తాపడ్డ పడవకి అనుమతి లేదు. 20 మందికి పైగా పోయారు. రెండేళ్లకి, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకోటి. 2021 అంతర్గత జలరవాణా నౌకల చట్టం ప్రకారం జనాన్ని ఎక్కించుకునే మరపడవకి రిజిస్ట్రేషనూ, తనిఖీ సర్టిఫికెట్టూ, బీమా ఉండాలి. అడిగి చూడండి. చూపించడానికి మొహమాటపడితే మీరు ఎక్కడానికి మొహమాటపడండి. చేపలవేట పడవలో మనుషుల్ని తిప్పడం సరంగుకి నాలుగు డబ్బులొచ్చే పనే, కాదనను. కానీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడిగితే నవ్వేవాడి పడవ ఎక్కకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకి సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ పడవలు రేవులోనే ఉంటాయి గనక ‘ఖాళీగానే ఉన్నాం, రండి’ అని పిలుస్తారు. పిలుపుకి లొంగి పాయల్లోంచి మొగ దాటి సముద్రంలోకి వెళ్తే, మీరు వేటకి రాలేదని గస్తీవాళ్లకి నమ్మకం కుదిరేసరికి సాయంత్రమవుతుంది.

సరే, వేసవిలో నడవాలంటే ఏ దారి?

ముందొక మాట. మే నెల మన డెల్టాలో నడిచే కాలం కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కాలువలు కట్టేసి ఉంటాయి, గట్టు పక్కన నీళ్లు దొరకవు, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నడవమనే నేను చెబుతాను. సెలవులు వేసవిలోనే దొరుకుతాయంటారా, అయితే తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. మధ్యలో ఎక్కడో నీడపట్టున పడుకోవాలి.

ఆ లెక్కలో నా మొదటి ఓటు పులిగడ్డ అక్విడక్టు దగ్గర మొదలెట్టి కరకట్ట మీద నాగాయలంక వైపు. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. కొన్నిచోట్ల చెట్ల నీడ ఉంది, ఊళ్లు తగులుతుంటాయి, కాళ్లు నొప్పెడితే ఆటో దొరుకుతుంది. నాగాయలంక చేరేసరికి ఎదురుగా నది ఏరులా కాదు, చెరువులా వెడల్పుగా పరుచుకుని కనిపిస్తుంది. శ్రీరామపాదక్షేత్రం ఘాటు దగ్గర కూర్చుంటే సాయంత్రం గాలి తగులుతుంది. చిన్నపిల్లలతో, అరవై దాటినవాళ్లతో వెళ్లేవాళ్లకి దీన్ని మించింది లేదు.

రెండోది హంసలదీవి. గుడి నుంచి పాలకాయతిప్ప, అక్కడి డాల్ఫిన్ భవనం నుంచి ఇసుక వెంబడి సాగరసంగమం కొసకి. మాఘ పౌర్ణమికి వేలమంది స్నానానికి వెళ్లే చోటే. తిరునాళ్ల నాటి ఏర్పాట్లు చూసి మిగతా రోజులూ అలాగే ఉంటుందనుకోవద్దు. మామూలు రోజున సంగమం వైపు వెళ్లనివ్వాలా వద్దా అన్నది అటవీ సిబ్బంది, మెరైన్ పోలీసుల మాట, ముందురోజే కనుక్కోండి. నీడ అన్నది లేదు. మంచినీళ్లు లేవు, మనిషికి నాలుగు లీటర్లకి తగ్గకుండా మోసుకెళ్లాలి.

ఇక్కడ గడియారం కంటే ఆటుపోట్లు ముఖ్యం. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మర్నాటికి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. పాటు మీద వెళ్తే తడి ఇసుక గట్టిగా ఉండి అడుగు దిగదు. పోటు మీద వెళ్తే పైన మెత్తటి ఇసుకలో కాళ్లీడ్చాలి, అదే దూరం రెట్టింపవుతుంది. మోకాలి లోతున దాటిన పాయ తిరిగొచ్చేసరికి నడుం లోతుంటుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ ఇది మరీ ఎక్కువ. నడక తేదీ పెట్టుకునే ముందు తిథి చూడండి, లేదా ఆ ఊరి పల్లెకారు మనిషిని అడగండి; వాళ్లు వేళ్ల మీద లెక్కేసి చెబుతారు. నీళ్లలోకి స్నానానికి దిగొద్దన్న చోట దిగొద్దు. నదీ సముద్రమూ కలిసేచోట అడుగున లాగుడుంటుంది, ఈత వచ్చినవాళ్లే ఎక్కువ పోయారు.

మడ అడవి లోపల నడవడం గురించి అడుగుతారు. ఎంచుకోవద్దు. భూమిలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు, మధ్యలో మోకాటి దాకా దిగే బురద, బురదలో ఆల్చిప్పల అంచులు. చెప్పులు బురద లాగేసుకుంటుంది, ఉత్తకాళ్లని వేర్లు కోసేస్తాయి. బావురుపిల్లిని చూడాలని వెళ్తారు; అది రాత్రి తిరిగే జీవి, మీరు లోపలికొచ్చిన అలికిడికి అర మైలు అవతల ఉంటుంది. ఆ అడవిని పడవలోంచో రోడ్డు మీదనుంచో చూడటమే ఇద్దరికీ క్షేమం.

కొల్లేరు ఎలా ఉంటుంది? చెరువు కదా, చుట్టూ నడవొచ్చా?

చూడటానికి మంచిది, నడవడానికి కాదు. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలోకి వెళ్లింది, 2006లో చేపల చెరువు గట్లని కొట్టేశారు. ఆ తర్వాత మళ్లీ లేచిన గట్లున్నాయి. కాబట్టి మీరు నడిచే గట్టే అక్రమం కావచ్చు, దాన్ని కాపలా కాసేవాడికి మీరు నచ్చకపోవచ్చు. అందులోనే జిరాయితీ భూములూ ఉన్నాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ టిక్కెట్టు తీసుకుని గూడబాతుల్ని చూసి రండి. అది కూడా చలికాలంలో.

శ్రీశైలం అడవిదారి?

వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే కాలిబాట. అడవి మధ్య చెరువు పక్కన మజిలీ, మెట్లదారి, లోయ. మన రాష్ట్రంలో రెండు రోజుల నడకంటే దీని తర్వాతే ఏదైనా. అయితే అది పులుల అభయారణ్యం, దేశంలోనే పెద్దది. శివరాత్రికీ ఉగాదికీ భక్తుల కోసం మాత్రమే ఆ దారి వదులుతారు. మిగతా రోజుల్లో ‘నేనూ భక్తుణ్నే’ అంటే కుదరదు.

మా అబ్బాయి అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటాడు. జూన్‌లో మేం వెళ్తే అక్కడి సరస్సుల అడవికి తీసుకెళ్తానంటున్నాడు. మన పాస్‌పోర్టువాళ్లకి అనుమతిస్తారా?

ఇస్తారు, పౌరసత్వంతో పనిలేదు. ఆయన చెప్పేది కెనడా సరిహద్దున ఉన్న బౌండరీ వాటర్స్ అయ్యుంటుంది. వెయ్యికి పైగా సరస్సులున్న అడవి, 1964 వైల్డర్‌నెస్ చట్టం కింద కాపాడుతున్నారు. మన చట్టం మనిషిని బయట ఆపి, లోపలికెళ్లే కారణం అడుగుతుంది. అక్కడి చట్టం లోపలికి రమ్మంటుంది, ఎంతమందన్నది లెక్కగడుతుంది. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి ఉండాలంటే ఒక్కో ప్రవేశద్వారానికి రోజుకి ఇన్నే అని కోటా. ముందుగా ఆన్‌లైన్లో తీసుకోవాలి. గుంపులో తొమ్మిదిమందికి మించకూడదు. పగటిపూట నడిచి వచ్చేసేవాళ్లకి కోటా లేదు, దారి మొదట్లో ఉన్న పెట్టెలో చీటీ మీరే నింపుకోవచ్చు. మంట గుడారాల చోట బిగించిన ఇనుప చట్రంలోనే.

మనవాళ్లకి తెలియాల్సింది ఇంకోటుంది. గాజు సీసాలూ రేకు డబ్బాలూ లోపలికి నిషేధం. ఆవకాయ సీసాతో వెళ్లొద్దు, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. ఆ డబ్బాని రాత్రి గుడారంలో పెట్టుకుని పడుకోవద్దు. ఎలుగుబంటికి మన ఊరగాయ వాసన దూరం నుంచే తెలుస్తుంది. తిండినంతా ఎలుగు తెరవలేని డబ్బాలో గానీ, నియమంలో చెప్పిన ఎత్తులో చెట్టుకి వేలాడదీసి గానీ ఉంచాలి.

మీ వయసుకి నేనైతే ఈగల్ మౌంటెన్ పగటి నడక సరిపోతుందంటాను. మిన్నెసోటాలో ఎత్తైన చోటు అదే, 2,301 అడుగులు, వెళ్లిరావడానికి సుమారు ఏడు మైళ్లు. లేదంటే సుపీరియర్ హైకింగ్ ట్రైల్‌లో ఒక ముక్క. దానికి అనుమతి చీటీ అక్కర్లేదు, గుడారాల చోట్లకి డబ్బూ అక్కర్లేదు. జూన్‌లో దోమలూ నల్ల ఈగలూ పీక్కుతింటాయి, ఆగస్టు చివరికి వాయిదా వెయ్యగలిగితే వెయ్యండి. పాస్‌పోర్టు, ఐ-94 ప్రవేశపత్రం నకలు జేబులో ఉండాలి, విదేశీయులు వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టమే. సరస్సు అవతలి ఒడ్డు కెనడా కావచ్చు. అందంగా ఉంది కదా అని తెడ్డు వేసుకుంటూ అటు వెళ్లొద్దు.

అటవీ సిబ్బంది పట్టుకున్నారు. అక్కడికక్కడే డబ్బు కట్టి వచ్చెయ్యొచ్చా?

కట్టొద్దు, ఇవ్వజూపొద్దు. చిన్న నేరాల్ని రాజీ చేసే అధికారం 54వ సెక్షన్ కింద ఉంది. అది డిప్యూటీ కన్జర్వేటర్ హోదాకి తగ్గని అధికారికే ఇవ్వొచ్చు. బీటు గార్డుకి ఉండదు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగడం మీ హక్కు. మామూలు ఉల్లంఘనకి 2022 సవరణ తర్వాత మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూలు ప్రాణి జోలికి వెళ్లినా, అభయారణ్యంలో వేటాడినా మూడేళ్లకి తగ్గదు, ఏడేళ్ల దాకా వెళ్తుంది; దానికి రాజీ లేదు.

సంచి చూపించమంటే చూపించండి. సందేహించడానికి కారణముంటే తనిఖీ చేసే అధికారం 50వ సెక్షన్ కింద వాళ్లకుంది. మీరు అడగగలిగినవి: ఆయన పేరు, హోదా, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా, అరెస్టు చేస్తే ఏ మేజిస్ట్రేటు ముందుకి తీసుకెళ్తున్నారు. ఇవి గొంతు పెంచకుండా అడిగితే ఎక్కువ పనిచేస్తాయి.

తుపాను హెచ్చరిక ఉంది, కానీ ఆకాశం బాగానే ఉంది. వెళ్లొచ్చా?

దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19న కూడా మధ్యాహ్నం దాకా చాలామంది పనుల్లోనే ఉన్నారు. సొర్లగొంది వైపు వెళ్లి అది చూసిన వయసువాళ్లని అడిగితే చెబుతారు. కలెక్టరు గానీ తహసీల్దారు గానీ తీరం ఖాళీ చెయ్యమన్నాక అక్కడ ఉండటం 2005 విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలుకెళ్లే నేరం. సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093.

కుక్కని తీసుకెళ్లొచ్చా? డ్రోన్?

కుక్క వద్దు, తాబేలు గుడ్లు తవ్వితీసే వాటిలో కుక్కలు మొదటివి. డ్రోన్ అభయారణ్యంపై ఎగరెయ్యాలంటే చిత్రీకరణ అనుమతి విడిగా రాయించుకోవాలి.

మా చెత్త ఎక్కడ వెయ్యాలి?

అభయారణ్యంలో చెత్త వెయ్యడం 27వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద నేరం. అక్కడ చెత్తబుట్టలు వెతకొద్దు. 2014 నుంచి తెల్లవారుజామున చీపుళ్లు పట్టి వీధులూడుస్తున్న స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలున్న ఊరినుంచి వెళ్తూ ఈ ప్రశ్న అడగడమే చిత్రం. ఖాళీ సీసాలు సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి.